సోమవారం పొద్దున కోచ్‌ను తిట్టకండి

సిడ్నీ పడమటి శివార్లలో దిగే తెలుగువాళ్లకు మొదటి నెల పనులు పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ట్యాక్స్ ఫైల్ నంబరుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. ఇంటి బాండ్ నాలుగు వారాల అద్దెకు మించి అడిగితే ఇవ్వకూడదు. రైలెక్కేటప్పుడు ఓపల్ కార్డు లేకపోతే బ్యాంకు కార్డు ఆనించినా చాలు. సరుకులకు హారిస్ పార్క్, వెంకన్న దర్శనానికి హెలెన్స్‌బర్గ్. అంతే. వీటి మీద వాట్సాప్ గ్రూపుల్లో రోజూ అడిగిందే అడుగుతారు. అసలు కొంప ముంచే సంగతి మాత్రం ఒక్కరూ అడగరు.

అది సోమవారం పొద్దున ఆఫీసు వంటగదిలో ఉంటుంది.

2025 మార్చిలో కొత్త కోచ్ జేసన్ రైల్స్ చేతికింద ఇక్కడి రగ్బీ లీగ్ జట్టు పారమట్టా ఈల్స్ ఆడిన తొలి మ్యాచ్. మెల్‌బోర్న్ చేతిలో 56-18తో చిత్తుగా ఓడింది. మర్నాడు పారమట్టాలోని ఒక ఆఫీసులో, పెన్షన్‌కు దగ్గరపడిన ఒక పెద్దాయన టీ కలుపుకుంటూ కోచ్‌ను, బోర్డును కలిపి పది నిమిషాలు కడిగేశాడు. కెప్టెన్ క్లింట్ గథర్సన్‌ను వదులుకున్న బుద్ధిహీనులని అన్నాడు. పక్కనే విజయవాడ నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు. మాట కలపాలని ఉత్సాహం. ‘నిజమే, మరీ చెత్త టీమ్. పెన్రిత్‌కు మారిపోవచ్చు కదా, వాళ్లు వరసగా నాలుగు కప్పులు కొట్టారు!’ అన్నాడు. కప్పులో తిరుగుతున్న చెంచా ఆగింది. పెద్దాయన టీ సింకులో పారబోసి, కప్పు కడిగి బోర్లించి, మాట్లాడకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాత రెండు వారాలు ఆ కుర్రాడికి ఆయన నుంచి ఈమెయిళ్లే వచ్చాయి.

ఈ వ్యాసకర్తకూ ఒకప్పుడు ఇదే శాస్తి జరిగింది. ఏటా మార్చిలో కొత్తవాళ్లు వరసగా అదే గోతిలో పడుతుంటే చూసి చూసి విసుగెత్తింది. చెప్తే వినరు. ‘ఆయనే తిట్టాడుగా’ అంటారు. ఆయన తిట్టొచ్చు నాయనా. ఆయన నలభై ఏళ్లుగా తిడుతున్నాడు, ఆ హక్కు సంపాదించుకున్నాడు.

ఎలా సంపాదించుకున్నాడో తెలుసుకోండి. ఈల్స్ తొలి కప్పు 1981లో వచ్చింది. ఆ రాత్రి సంబరంలో అభిమానులు తమ సొంత మైదానం కంబర్లాండ్ ఓవల్‌లోని స్టాండునే తగలబెట్టేశారు. తర్వాత 1982, 1983, 1986. ఆ 1986 ఫైనల్‌లో కాంటర్‌బరీ మీద 4-2తో గెలిచారు. రెండు జట్లలో ఒక్కరూ బంతిని గీత దాటించి ట్రై కొట్టలేదు, మొత్తం కిక్కుల మీదే నడిచింది. అదే ఆఖరి కప్పు. 2001లో లీగ్ పట్టికలో మొదటి స్థానంలో నిలిచి ఫైనల్ చేరారు, సగం ఆటకే 24-0తో వెనకబడి 30-24తో ఓడారు. 2009లో మెల్‌బోర్న్ చేతిలో ఓడారు. జీతాల పరిమితి దాటి దొంగలెక్కలు రాసినందుకు మెల్‌బోర్న్ కప్పును మరుసటి ఏడాది లాగేసుకున్నారు గానీ, దాన్ని ఈల్స్‌కు ఇవ్వలేదు. 2022లో పెన్రిత్ చేతిలో ఓటమి. ఆ పెద్దాయనకు చెప్పిన పేరు పెన్రిత్!

మధ్యలో 2016 ఉంది. ఈసారి లెక్కలు దాచింది ఈల్స్ బోర్డే. 12 పాయింట్లు కోత, పది లక్షల డాలర్ల జరిమానా, ఐదుగురు పెద్దల గుర్తింపు రద్దు. వాళ్లలో చైర్మన్ స్టీవ్ షార్ప్ ఒకరు. ఎనభైలలో అదే జెర్సీ వేసుకుని ఆడిన మనిషి. 2013లో సభ్యులు ఓట్లేసి మరీ ఆయన వర్గాన్ని గెలిపించుకున్నారు. అంతకుముందు 2009లోనూ అలాగే ఒక బోర్డును దించి ఇంకోదాన్ని ఎక్కించారు. స్టేడియం పక్కనున్న లీగ్స్ క్లబ్ సభ్యులవి ఆ ఓట్లు. మనవాళ్లు పుట్టినరోజుకు భోజనానికి వెళ్లే చోటే. అచ్చం మన ఊళ్లో సొసైటీ ఎన్నికలే: రెండు ప్యానెళ్లు, కరపత్రాలు, ఓడినవాడి శాపనార్థాలు. టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని చైర్మన్ మీద అరిచే మామయ్యల గొంతులు వినక ఎన్నేళ్లయిందో! ఆ గోల ఇక్కడ ఇంగ్లిష్‌లో వినబడితే, చిత్రంగా, కడుపు నిండినట్టుంటుంది.

పాత కోచ్ బ్రాడ్ ఆర్థర్ సంగతి మరీ సున్నితం. 2014లో వచ్చాడు, 2016 గండం దాటించాడు, 2018లో అట్టడుగున ఉన్న జట్టును 2022 ఫైనల్ దాకా తీసుకొచ్చాడు. 2024 మేలో బోర్డు తీసేసింది. ఎప్పుడో తీసేయాల్సిందని సగం మంది, అన్యాయమని సగం మంది. ఎదుటివాడు ఏ సగమో తెలియకుండా నోరు తెరవొద్దు.

ఇదంతా మనకు తెలియని బాధ కాదు. 2016లో హైదరాబాద్ సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చిన డేవిడ్ వార్నర్‌ను 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి దించి, తర్వాత జట్టులోంచే పక్కనపెట్టినప్పుడు మనవాళ్లు ఎంత ఉడికిపోయారు! ఆ వార్నర్ ఈ సిడ్నీ మనిషే. పెద్దాయనకు ఆ కథ చెప్పండి. పెన్రిత్ గురించి కాకుండా అది చెప్పి ఉంటే, ఆ కుర్రాడికి ఆ రోజే ఇంకో కప్పు టీ దొరికేది.

ఇంకొన్ని. ఈ రగ్బీ లీగ్‌ను ‘ఫుటీ’ అంటారు. పదిహేను మంది ఆడే రగ్బీ యూనియన్ వేరు, ఇది పదమూడు మందిది. రెండూ ఒకటే అనుకునేవాళ్లు ముందు ఒక మ్యాచ్ చూసి రండి. వెస్ట్స్ టైగర్స్ అభిమాని ఎదురైతే ఇంకా జాగ్రత్త: 2022, 2023, 2024 మూడేళ్లూ ఆ జట్టుది చివరి స్థానమే, 2023 చివర్లో చైర్మన్, సీఈవో ఇద్దరూ పదవులు వదిలి వెళ్లారు. అక్కడ తల ఊపడం తప్ప ఇంకేమీ చేయొద్దు. మళ్లీ చెప్తున్నా, ఏమీ చేయొద్దు.

సీజన్ మార్చిలో మొదలై అక్టోబరు మొదట్లో ముగుస్తుంది. పారమట్టా స్టేషన్ నుంచి స్టేడియానికి నడిచి వెళ్లొచ్చు. పిల్లలను తీసుకుని ఒక్కసారి వెళ్లండి, నీలం, బంగారు రంగుల్లో ఏదైనా వేసుకుని. పక్క సీటాయన కోచ్‌ను తిడుతుంటే పూర్తిగా వినండి. మీ అభిప్రాయం అడిగితే, ‘86లో పీటర్ స్టెర్లింగ్ ఎలా ఆడేవాడు?’ అని అడగండి.