చిన్నబ్బాయికి: ఆరుబయట ఆట, చెడుగుడు కూత

ఆరుబయట ఆటలో ఒళ్లు అలిశాకే మనసు కుదుటపడుతుంది. చదువు, ఉద్యోగం కలత పెట్టినప్పుడు శరీరం అడ్రినలిన్, కార్టిజాల్ విడుదల చేసి పరుగుకో పోట్లాటకో సిద్ధమవుతుంది. కుర్చీలో కూర్చున్నవాడికి ఆ రెండూ ఉండవు. భుజాలు బిగుస్తాయి, నిద్ర దూరమవుతుంది. ఆ బిగువును ఆట ఖర్చు చేస్తుంది. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. హైదరాబాదు నుంచి చిన్నబ్బాయి రాసిన ఉత్తరంలో నిద్ర పట్టడం లేదన్నది ఒక్క వాక్యమే. భీమవరంలో అమ్మమ్మ దాన్ని నాలుగుసార్లు చదివించుకుంది.

నడక, సైకిలు, షటిల్ అన్నీ మంచివే. డెల్టాలో పుట్టినవాడికి మాత్రం చెడుగుడు తర్వాతే ఏదైనా. కబడ్డీ పేరుతో అది 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకాల పోటీగా చేరింది, భారత్ స్వర్ణం గెలిచింది. ఇప్పుడు కూతకు 30 సెకన్ల గడువుంది. ఒకప్పుడు ఊళ్లో ఆడిన కళ్లంలో గడియారం ఉండేది కాదు. ఊపిరి ఉన్నంతసేపే కూత. అసలు సంగతి ఆ ఊపిరిలోనే ఉంది. కూతకెళ్లినవాడు గాలిని పొదుపుగా, తెగకుండా వదలాలి. ఆ క్షణాన గుండె దడదడలాడుతుంది. ఆట ముగిశాక గట్టు మీద కూర్చుని అంతే నిదానంగా ఊపిరి వదిలితే వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. కూత తెలిసినవాడికి ఈ పని వేరే ఎవరూ నేర్పక్కర్లేదు.

సార్వా నూర్పులయ్యాక కళ్లాలు ఖాళీ అయ్యేవి. పరీక్ష తప్పిన ఏడు ఈ ఉత్తరం రాసే తాతయ్య మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాన్నగారు తిట్టలేదు, చెయ్యి పట్టుకుని కళ్లానికి తీసుకెళ్లారు. గడ్డిమేటు పక్కన చీకటి పడేదాకా ఆట, ఆనక కాలవ రేవులో స్నానం. ఎడ్లను కడిగే పాలేరు ఆ రోజు వీపు రుద్దాడు. ఆ చేతి గరుకు ఇంకా గుర్తుంది. ఆ రాత్రి వేడన్నం, ఆవకాయ తిని పడుకుంటే తెల్లారేదాకా మెలకువ రాలేదు.

ఇప్పుడు భీమవరం చుట్టూ చాలా పొలాలు చేపల, రొయ్యల చెరువులయ్యాయి. హైదరాబాదులో కళ్లం ఎలాగూ దొరకదు. మైదానం, నలుగురు స్నేహితులు ఉంటే చాలు. ఎండ తగ్గాక ఆడాలి, ముందు ఒళ్లు వెచ్చబడనివ్వాలి. గట్టి నేల మీద పట్టు పట్టకూడదు, మోకాళ్లు దెబ్బతింటాయి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఆట ఆపి డాక్టరుకు చూపించుకోవాలి. పుట్టినప్పుడు అరచేతిలో ఇమిడిన బిడ్డ గనుక ఈ మాట రెండుసార్లు చదవాలి. మూడు వారాలైనా నిద్ర రాకపోతే అప్పుడూ డాక్టరే. సంక్రాంతికి చిన్నబ్బాయి వచ్చేసరికి తాతయ్య పెరట్లో ఒండ్రుమట్టి తవ్వించి మెత్తగా ఉంచుతారు. అమ్మమ్మ అరిసెలు ఆట అయ్యాకే పెడుతుంది.