ప్రోగ్రెస్ కార్డు వచ్చేదాకా ఆగకండి

జూన్ రెండో వారంలో బడి తెరుస్తారు. ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, బస్సు... ఆ వారమంతా తల్లిదండ్రులకు ఊపిరాడదు. హడావుడి తగ్గాక చాలామంది పిల్లల చదువు వైపు మళ్లీ చూసేది ప్రోగ్రెస్ కార్డు చేతికొచ్చినప్పుడే. మార్కులు అయిపోయినదాని సంగతి చెబుతాయి. ఇప్పుడేం జరుగుతోందో తెలియాలంటే మీరే చూడాలి. రోజుకో పావుగంట చాలు.

చదువుతున్నాడా, అప్పజెబుతున్నాడా?

రెండో తరగతి పిల్లాడు తెలుగు వాచకం తెరిచి గడగడా చదివేస్తే వెంటనే మురిసిపోకండి. పాఠం మధ్యలో ఒక పదం మీద వేలు పెట్టి ‘ఇదేంటి నాన్నా?’ అని అడగండి. వాడు పాఠాన్ని మొదటి నుంచి అందుకుంటే అది చదవడం కాదు, బట్టీ. క్లాసు పుస్తకంలో లేని చిన్న కథ ఇచ్చి చూడండి. గుణింతాల దగ్గర తడబడుతున్నాడా, ఒత్తుల దగ్గర ఆగుతున్నాడా? వాడు ఆగిన చోటే మీ పని మొదలు.

ప్రథమ్ సంస్థ 2005లో గ్రామాల్లో మొదలుపెట్టిన ‘అసర్’ సర్వేలోనూ పిల్లల్ని పరీక్షించే తీరు ఇంత తేలికైనదే. అక్షరాలు, పదాలు, ఒక చిన్న పేరా, ఒక కథ చదివిస్తారు. లెక్కల్లో అంకెలు గుర్తుపట్టడం, అప్పు తెచ్చుకుని చేసే రెండంకెల తీసివేత, భాగహారం అడుగుతారు. దీనికి ట్యూషన్ మాస్టారు అక్కర్లేదు, మీరే చేయొచ్చు.

మూడో తరగతి గడప

మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుని చదవాలి, మామూలు లెక్కలు చేయాలి. కేంద్రం 2021లో మొదలుపెట్టిన ‘నిపుణ్ భారత్’ లక్ష్యం ఇదే. నాలుగో తరగతి నుంచి పరిసరాల విజ్ఞానమైనా, లెక్కల్లో రాత సమస్యలైనా చదివి అర్థం చేసుకుంటేనే ముందుకు సాగుతాయి. ‘మా పాపకు లెక్కలు రావు’ అనే ముందు ప్రశ్నను మీరు చదివి వినిపించండి. అప్పుడు టకటకా చేసేస్తే లోపం లెక్కల్లో లేదు, చదవడంలో ఉంది.

సంచి బరువు, హోంవర్కు

2020 నాటి జాతీయ స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం సంచి బరువు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదు. ఇరవై కిలోల బిడ్డ వీపున రెండు కిలోలే ఉండాలి. రెండో తరగతి దాకా హోంవర్కే వద్దంది. మూడు నుంచి అయిదో తరగతి వరకు వారానికి రెండు గంటలు మించకూడదంది. మీ ఇంట్లో రోజూ సాయంత్రమంతా దానికే పోతుంటే టీచరుతో నెమ్మదిగా మాట్లాడండి. పిల్లల తరఫున మీరు మాత్రం రాసిపెట్టకండి. అలా చేస్తే బిడ్డకు ఏది రాదో టీచరుకు ఎప్పటికీ తెలియదు.

మీటింగులో ఏం అడగాలి?

‘మావాడు ఎలా చదువుతున్నాడండీ?’ అంటే ‘పర్లేదండీ, కాస్త అల్లరి’ అన్న జవాబే వస్తుంది. సూటిగా అడగండి. ఏ పని తనంతట తాను చేస్తున్నాడు? ఎక్కడ ఆగిపోతున్నాడు? అర్థం కాకపోతే చెయ్యెత్తి అడుగుతున్నాడా? ఎవరితో ఆడుకుంటున్నాడు? ఈ నెలలో ఇంట్లో మేం ఏం చేయిస్తే బాగుంటుంది?

బద్ధకం అనుకునే ముందు

బోర్డు మీదివి తప్పుగా ఎక్కించుకుంటుంటే కళ్లు పరీక్ష చేయించండి. పిలిచినా పలకకపోతే చెవులు చూపించండి. సోమవారం పొద్దున్నే కడుపునొప్పి అంటుంటే బడిలో ఏదైనా భయపెడుతోందేమో మెల్లగా కనుక్కోండి. కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ విద్యాహక్కు చట్టం నిషేధించింది.

బడి మానిపించకండి

ఆ చట్టం ప్రకారమే అయిదో తరగతి వరకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు ఉండాలి. పెళ్లికని, జాతరకని వారం మానిపిస్తే భాగహారం మొదలుపెట్టిన వారం అదే కావచ్చు. తప్పనిసరైతే జరిగిన పాఠం అడిగి తెలుసుకోండి.

ఈ రాత్రి అన్నాలయ్యాక పుస్తకాల సంచి పక్కన పెట్టి, దినపత్రికలోంచి నాలుగు వాక్యాలు చదివించండి. తప్పు చదివితే తిట్టకండి. ఏ ఒత్తు దగ్గర తప్పిందో ఒక కాగితం మీద రాసుకుని, నెల తర్వాత అదే మళ్లీ చదివించి చూడండి. ర్యాంకు కన్నా ఆ తేడాయే మీ బిడ్డ చదువు సంగతి ఎక్కువ చెబుతుంది.