ఎజైల్ పద్ధతి: సాఫ్టువేరు బృందముల పనితీరు

కంప్యూటరు ఏ పనిని ఎట్లు చేయవలెనో దానికి తెలుపు ఆజ్ఞల సముదాయమునకు సాఫ్టువేరని పేరు. పెద్ద సాఫ్టువేరును ఒక్కరు వ్రాయజాలరు. పలువురు బృందముగా కూడి వ్రాయుదురు. మన విద్యార్థులలో అనేకులు ముందు ఇట్టి బృందములలో చేరగోరుచున్నారు గనుక, వానిలో నేడు విస్తారముగా వాడుకలోనున్న ఎజైల్ పద్ధతినిగూర్చి కొంత వివరింపదలచితిమి. ఎజైల్ అను ఆంగ్లపదమునకు చురుకుగా మెసలునది యని అర్థము.

పూర్వము సాఫ్టువేరును ఇల్లు కట్టినట్లు కట్టవలెనని తలంచిరి. కావలసినవన్నియు ముందే వ్రాసికొని, నమూనా గీచి, ఆజ్ఞలు వ్రాసి, తుదకు పరీక్షించి, వాడువారికి అప్పగించుటయే ఆ క్రమము. నీరు మెట్టు మెట్టునకు దిగుచు వెనుకకు మరలనట్లే ఈ పనియు సాగును గనుక దీనిని జలపాతపద్ధతి యనిరి. విన్‌స్టన్ రాయిస్ అను నిపుణుడు 1970లో ఈ క్రమమును వర్ణించి, దానిని ఉన్నదున్నట్లు అనుసరించుట అపాయకరమని అప్పుడే హెచ్చరించెను. ఏలయనగా పరీక్ష తుదిని గాని జరుగదు; అప్పుడు తప్పు బయలుపడినచో పని మరల మొదటికి వచ్చును. సంవత్సరమంతయు నోటుపుస్తకము దిద్దక, వార్షిక పరీక్షనాడే విద్యార్థి లోపములు కనుగొనుట యెట్టిదో ఇదియు నట్టిదే.

2001 ఫిబ్రవరి 11 మొదలు 13 వరకు అమెరికాలోని యూటా రాష్ట్రమున, స్నోబర్డ్ అను పర్వతస్థలమున 17 మంది సాఫ్టువేరు నిపుణులు కూడి యొక ప్రకటన వెలువరించిరి. దాని సారమేమనగా: పనిముట్లకంటె మనుష్యులు ఒకరితోనొకరు మాటలాడుకొనుట ముఖ్యము, కాగితములకంటె నడచు సాఫ్టువేరు ముఖ్యము, ఒడంబడికలోని షరతులకంటె వాడువారితో కలిసి పనిచేయుట ముఖ్యము, ముందు వేసిన ప్రణాళికకంటె మార్పునకు తగినట్లు నడచుట ముఖ్యము. కాగితములును ప్రణాళికయు అక్కరలేదని మాత్రము వారనలేదు.

ఈ మార్గమున మిక్కిలి ప్రసిద్ధమైనది స్క్రమ్ అను విధానము. కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ అనువారు దీనిని 1995లో పండితసభయందు వివరించిరి. రగ్బీ ఆటలో ఆటగాండ్రు భుజము భుజము కలిపి నిలుచు కూటమినుండి దీనికి ఆ పేరు వచ్చెను. ఇందు పనిని ఒక నెలకు మించని చిన్న గడువులుగా విభజింతురు. వీనికి స్ప్రింటులని పేరు. ప్రతిదినమును బృందము 15 నిమిషములు కూడి, ఏది సాగుచున్నదో ఏది అడ్డుపడుచున్నదో చెప్పుకొనును. గడువు ముగియగానే ముగించిన భాగమును వాడువారికి చూపి వారి అభిప్రాయమును గైకొందురు. పిమ్మట తమ పనితీరులో దిద్దుకొనవలసినదేదో తామే విచారించుకొందురు.

దీని ప్రయోజనమునకు ఒక ఉదాహరణము చూతము. అమెరికా నేరపరిశోధక సంస్థయగు ఎఫ్.బి.ఐ. తన దస్తరములను కంప్యూటరులోనికి మార్చుటకు తలపెట్టిన సాఫ్టువేరును సుమారు 17 కోట్ల డాలర్లు వ్యయమైన పిమ్మట 2005లో విడిచిపెట్టెను. 2006లో సెంటినెల్ అను పేర మరల ఆరంభించిరి; అదియు ఆలస్యమాయెను. 2010లో సంస్థ పనిని తన చేతిలోనికి తీసికొని, చిన్న బృందముతో, రెండేసి వారముల స్ప్రింటులుగా నడపెను. 2011లో ఉద్యోగులచే పరీక్ష చేయింపగా పాత యంత్రములు ఈ భారమునకు చాలవని తేలెను. అందుచే గడువు జరిగెను. అయినను లోపము సకాలమున కనబడెను గనుక దానిని సరిచేసి 2012 జూలై 1న సెంటినెల్‌ను వాడుకలోనికి తెచ్చిరి.

అయితే పేరు మార్చినంతమాత్రమున ఫలము కలుగదు. దినదినము జరుగు సమావేశము పైయధికారి విచారణగా మారినచో, చిక్కులో నున్నవాడు దానిని దాచి, అంతయు బాగుగా నున్నదని పలుకును. అప్పుడు 15 నిమిషములును వ్యర్థము. చిన్న గడువులను సాకుగా గొని మనుష్యులను విశ్రాంతి లేక పరుగెత్తించుటయు ఈ పద్ధతికి విరుద్ధమే. ఎల్లకాలము నిలుపుకొనదగిన వేగముతో పని సాగవలెనని దాని సూత్రములలో నొకటి. కావున ఎజైల్‌ను అవలంబింపగోరు అధికారి, కీడువార్త తెచ్చినవానిపై కోపింపకుండుట మొదట నేర్చుకొనవలెను.

గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి వ్యయము లెక్కచూచుకొనవలెనని మన ప్రభువు లూకా సువార్తలో బోధించెను గదా, ఇది దానికి వ్యతిరేకము కాదా యని కొందరడుగవచ్చును. కాదని మా అభిప్రాయము. ఎజైల్ పద్ధతి లెక్కను మానుమనదు. ఒక్కసారి చూచి మూసిపెట్టక, అంతస్తు అంతస్తునకును మరల చూడుమనును.

బాలబాలికలారా, మీరు సాఫ్టువేరు వ్రాసినను వ్రాయకున్నను ఈ పాఠము మీదే. అర్థము కాని లెక్కను నేడే అర్థము కాలేదని చెప్పుడు. తలిదండ్రులారా, ఉపాధ్యాయులారా, వారట్లు చెప్పినప్పుడు గద్దింపక విందము. తప్పును వెంటనే ఒప్పుకొనుటకు భయపడనివారు గల బృందమే పనిని చక్కగా ముగింపగలదు.