ఇంజిన్ విప్పే ముందు ఇస్తిమారా చదవండి

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. దోహాలో మెకానికల్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. 1971 నాటి డాట్సన్ 240జెడ్ స్పోర్ట్స్ కారు ఒకటి అమ్మకానికి వచ్చింది. దాని ఇంజిన్ పాడైంది. కొని, నేను అద్దెకుంటున్న విల్లా ఆవరణలోనే పెట్టుకుని, ఆ కాలపు తీరులో తయారైన విడిభాగాలు వేసి మళ్లీ నడిపించాలని చిరకాల కోరిక. సనయ్య (పారిశ్రామిక వాడ)లోని గ్యారేజీలో పనిచేసే మా ఊరి కుర్రాడు శుక్రవారాలు వచ్చి చేసిపెడతానన్నాడు. అతనికి ఎంతో కొంత ఇస్తాను. అమ్మేవారు సగం నగదు, సగానికి చెక్కులు అడుగుతున్నారు. ఉద్యోగం మానేసి ఇంటికొచ్చేటప్పుడు కారును వెంట తెచ్చుకోవాలని ఉంది. చట్టపరంగా ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
— ఒక పాఠకుడు, దోహా

జవాబు: మీ కోరికకు చట్టం అడ్డు కాదు. పాత కార్లంటే ఖతార్‌లో గౌరవం ఎక్కువ. షహానియాలోని షేక్ ఫైసల్ మ్యూజియంలో పాత కార్లే ఒక పెద్ద విభాగం. అయితే అక్కడి కార్లకు లేని చిక్కు మీ కారుకు ఉంది. అది రోడ్డెక్కాలి, మీ పేరు మీద ఉండాలి, మీరు దేశం విడిచే రోజున మీ దారికి అడ్డు పడకూడదు. పని చేసేది రెంచీతోనే అయినా, హక్కు నిలిచేది కాగితం మీద. మార్చిన ప్రతి ముఖ్యమైన భాగానికీ ఒక కాగితం మీ దగ్గర ఉండాలన్నదే ఈ జవాబు సారాంశం. మీరు అడిగినవి ఒక్కొక్కటిగా చూద్దాం.

కొనే ముందు

ముందు ఇస్తిమారా (వాహన రిజిస్ట్రేషన్ కార్డు) చేతిలోకి తీసుకోండి. అందులోని ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు కారు మీద ఉన్నవాటితో సరిపోయాయో లేదో మీ కళ్లతో చూసుకోండి. యాభై ఏళ్లు దాటిన కారు చాలా చేతులు మారి ఉంటుంది. మధ్యలో ఎవరో ఇంజిన్ మార్చి, ఆ సంగతి నమోదు చేయించకుండా వదిలేసి ఉండవచ్చు. ఆ తప్పు ఎవరిదైనా, పేరు మార్పిడి తర్వాత జవాబు చెప్పాల్సింది మీరే.

ఇస్తిమారా గడువు ఎప్పుడు తీరిందో చూడండి. ఖతార్ ట్రాఫిక్ చట్టం, అంటే 2007 నాటి 19వ నంబరు చట్టం, గడువు ముగిశాక రెన్యువల్‌కు ఇచ్చే వ్యవధి ముప్పై రోజులే. ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉన్న కారైతే రిజిస్ట్రేషన్ ఏ స్థితిలో ఉందో, దాని మీద జరిమానాలు ఏమైనా ఉన్నాయో ట్రాఫిక్ విభాగంలో తేల్చుకున్నాకే డబ్బు కట్టండి. పేరు మార్పిడి ప్రభుత్వ యాప్ మెట్రాష్‌లో గానీ ట్రాఫిక్ కార్యాలయంలో గానీ పూర్తి కావాలి. ‘తాళాలు తీసుకుపో, కాగితాలు తర్వాత చూద్దాం’ అనే బేరానికి ఒప్పుకోవద్దు.

అమ్మేవారు నోటితో చెప్పే ప్రతి మాటా కాగితం మీదకు రావాలి. ఖతార్ సివిల్ కోడ్ (2004 నాటి 22వ నంబరు చట్టం) దాగి ఉన్న లోపాలకు అమ్మకందారును బాధ్యుణ్ణి చేస్తుంది. కానీ కొనుగోలుదారుకు ముందే తెలిసిన లోపానికి, మామూలు జాగ్రత్తతో చూస్తే కనబడే లోపానికి ఆ రక్షణ దొరకదు. ఇంజిన్ పాడైందని మీకు తెలుసు కాబట్టి దాని మీద ఫిర్యాదు నిలవదు. ఛాసిస్‌కు వెల్డింగ్ జరగలేదని, ప్రమాదంలో పడలేదని, ఇంజిన్ మొదటిదేనని వారు చెబితే మాత్రం ఆ మూడు మాటలూ ఒప్పంద పత్రంలో రాయించండి. పత్రం అరబ్బీలో ఉంటే నమ్మకమైన అనువాదం చదవకుండా సంతకం పెట్టకండి. లోపం బయటపడిన వెంటనే రాతపూర్వకంగా తెలియజేయండి. ఆలస్యం చేస్తే హక్కు చేజారిపోతుంది.

చెక్కుల సంగతి

ఇది మీ ప్రశ్నలో అన్నింటికన్నా ప్రమాదకరమైన భాగం. ఖతార్ శిక్షా స్మృతి (2004 నాటి 11వ నంబరు చట్టం) 357వ అధికరణం ప్రకారం, ఖాతాలో సొమ్ము లేకుండా చెక్కు ఇవ్వడం నేరం. శిక్ష మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 3,000 నుంచి 10,000 రియాళ్ల దాకా జరిమానా. ‘అది గ్యారంటీ కోసం ఇచ్చిన చెక్కు’ అన్న వాదనను నమ్ముకుని గల్ఫ్‌లో మనవాళ్లు ఎందరో చిక్కుల్లో పడ్డారు. ఒక నెల జీతం ఆలస్యమైతే చాలు, సరదాగా కొన్న కారు పోలీస్ కేసుగా మారుతుంది. సొమ్ము పూర్తిగా కూడేదాకా ఆగండి. బ్యాంకు బదిలీ ద్వారానే చెల్లించండి. అదే మీకు రసీదు కూడా అవుతుంది.

ఇంజిన్ లోపల మార్పు, ఇంజిన్ మార్పు

ఈ రెండింటికీ చట్టం దృష్టిలో చాలా తేడా ఉంది.

పిస్టన్లు, రింగులు, వాల్వులు, గాస్కెట్లు మార్చడం, బ్లాకును రీబోరింగ్ చేయించడం, కార్బురేటర్లు విప్పి బాగుచేయడం మరమ్మతు కిందికి వస్తాయి. ఇంజిన్ నంబరు చెక్కి ఉన్న బ్లాకు అదే కాబట్టి ఇస్తిమారాలోని వివరం మారదు. కొన్ని మార్పులైతే కాలమే తెచ్చిపెట్టింది. సీసం కలిపిన పెట్రోలును ప్రపంచంలో చివరగా మానేసిన దేశం అల్జీరియా, 2021లో. ఆ పెట్రోలు కోసమే తయారైన పాత ఇంజిన్లలో చాలావాటికి గట్టి లోహపు వాల్వ్ సీట్లు వేయకపోతే ఇప్పటి పెట్రోలుతో అరిగిపోతాయి. ఇటువంటి పని చేయించి బిల్లు దాచుకుంటే చాలు.

మొత్తం బ్లాకు మార్చడం వేరే సంగతి. 240జెడ్‌లో ఉండేది ఎల్24 ఇంజిన్, 2,393 సీసీ. తర్వాత వచ్చిన 280జెడ్‌లోని ఎల్28, 2,753 సీసీ, చూపుకు దాదాపు అలాగే ఉంటుంది, అదే చోట అమరుతుంది. బలం ఎక్కువని చాలామంది దాన్ని వేస్తారు. చూపుకు ఎంత పోలినా నంబరు వేరు. ఖతార్‌లో ఇంజిన్ వంటి ముఖ్య భాగాన్ని మార్చాలన్నా, కారు రంగు మార్చాలన్నా ట్రాఫిక్ విభాగం అనుమతి ముందే తీసుకోవాలి. అనుమతి లేకపోతే ఫాహెస్ కేంద్రంలో జరిగే వాహన తనిఖీలో ఆగిపోతారు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ‘మాకు చెప్పని మార్పు’ అని వేలు చూపుతుంది. ఎదుటివారికి గాయమైన వేళ ఆ మాట వినాల్సి వస్తే ఎంత నష్టమో ఊహించుకోండి. రేసు కారు చప్పుడు కోసం సైలెన్సర్ మార్చే ఆలోచన ఉంటే మానుకోండి. చప్పుడు చేసే కార్లను పోలీసులు స్వాధీనం చేసుకుంటారు.

పాత బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేట్లు, గాస్కెట్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది. ‘ఆనాటి అసలు సరుకు’ అని అమ్మే వాడని పాత స్టాకులోనూ అది ఉండవచ్చు. దాని దుమ్ము ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. ఆకారం ఆ కాలపుదే అయినా, తయారీ ఇప్పటిదై ఉండేవి ఎంచుకోండి.

విడిభాగాల్లో మోసం జరిగితే

ఆ కాలపు తీరులో ఇప్పుడు తయారుచేసిన భాగాన్ని అలాగని చెప్పి అమ్మడంలో తప్పు లేదు. దాన్నే కంపెనీ ముద్ర వేసి అసలుదని అమ్మితే మోసం. 2008 నాటి 8వ నంబరు వినియోగదారుల రక్షణ చట్టం వస్తువు గురించి నిజమైన సమాచారం పొందే హక్కును మీకు ఇచ్చింది. బిల్లులో ‘స్పేర్ పార్ట్స్’ అని ఒక్క మాట రాసిస్తే తీసుకోవద్దు. భాగం పేరు, తయారీదారు, తయారైన దేశం, కొత్తదా పాతదా, వారంటీ ఎంతకాలం అన్నవి రాయమనండి. షాపువారు మాట తప్పితే వాణిజ్య, పరిశ్రమల మంత్రిత్వ శాఖ హెల్ప్‌లైన్ 16001కి ఫిర్యాదు చేయండి. బిల్లు, ఫొటోలు, వాట్సాప్ సంభాషణ సిద్ధంగా ఉంచుకోండి. ఈ చట్టం వ్యాపారం చేసేవారికి వర్తించేది. ఎవరో ఒక వ్యక్తి తన సొంత వస్తువు అమ్మితే ఇందాక చెప్పిన సివిల్ కోడే మీకు దిక్కు.

విదేశాల నుంచి తెప్పించుకుంటే గల్ఫ్ దేశాల ఉమ్మడి కస్టమ్స్ చట్టం కింద సాధారణంగా 5 శాతం సుంకం పడుతుంది. సుంకం మిగులుతుందని తక్కువ విలువ బిల్లు రాయించుకోకండి. అది తప్పుడు ప్రకటన అవుతుంది. పార్సిల్ పోతే పరిహారమూ ఆ తక్కువ విలువకే వస్తుంది.

విల్లా ఆవరణలో పని

అద్దె ఒప్పందం తీసి చదవండి. నివాసానికని తీసుకున్న ఇంటిని మరో పనికి వాడితే ఒప్పందాన్ని మీరినట్టే. కారు అక్కడ విప్పి పెట్టుకోవడానికి యజమాని నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. సొంత కారు బాగుచేసుకోవడం మీ సరదా. నలుగురి కార్లు తెచ్చి డబ్బు తీసుకుని చేయడం మొదలుపెడితే అది లైసెన్సు లేని వ్యాపారం.

కారును గేటు బయట, వీధిలో వదలకండి. చక్రాలు లేకుండా దుమ్ము పట్టి ఉన్న కారు మునిసిపాలిటీ దృష్టిలో వదిలేసిన వాహనం. 2017 నాటి 18వ నంబరు ప్రజా పరిశుభ్రత చట్టం కింద ముందు హెచ్చరిక స్టిక్కర్ అంటిస్తారు, తర్వాత ఎత్తుకుపోతారు. వాడిన ఇంజిన్ ఆయిల్, పాత బ్యాటరీ యాసిడ్ డ్రైనేజీలో పోయవద్దు. డబ్బాల్లో పట్టి లైసెన్సు ఉన్న గ్యారేజీకి అప్పగించండి. పెట్రోలు ట్యాంకు ఇంట్లో విప్పే పని అసలు పెట్టుకోకండి. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఆరుబయట ఎండలో పని చేయించడాన్ని ఖతార్ నిషేధించింది. అది కంపెనీలకు పెట్టిన నియమమే అయినా ఎండకు మీ ఆవరణ వేరు కాదు. ఆ వేళల్లో మీరూ పని ఆపండి.

మీ ఊరి కుర్రాడి గురించి

ఈ భాగం నెమ్మదిగా చదవండి. 2015 నాటి 21వ నంబరు చట్టం ప్రకారం, అధికారుల అనుమతి లేకుండా ఒక యజమాని వీసా మీద ఉన్న వ్యక్తి మరొకరి దగ్గర పనిచేయడం నేరం, పనిచేయించుకున్నవారిదీ నేరమే. మీరు ప్రేమతో ఇచ్చే రెండొందల రియాళ్లు ఆ కుర్రాడి ఐడీకే ముప్పు తేవచ్చు. దానికంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. జాకీ జారి ఇంజిన్ చేతి మీద పడితే? 2004 నాటి 14వ నంబరు కార్మిక చట్టం పని గాయానికి పరిహారం ఇమ్మంటుంది. కానీ ఆ గాయం తన యజమాని పనిలో తగిలినది కావాలి. మీ ఇంట్లో తగిలిన దెబ్బకు అతని కంపెనీ బాధ్యత వహించదు. ఆ కుర్రాడు చేయి పోగొట్టుకుని, పరిహారం లేకుండా ఇంటికి పోవడం మీరు చూడలేరు. ఇంజిన్ దింపడం, ఎక్కించడం, రీబోరింగ్ వంటి బరువు పనులు లైసెన్సు ఉన్న గ్యారేజీకి ఇవ్వండి. ఆ కుర్రాడు పనిచేసే గ్యారేజీకే ఇస్తే పని అతని చేతి మీదుగానే జరుగుతుంది, చట్టపు రక్షణా ఉంటుంది, బిల్లూ మీకు దొరుకుతుంది.

ఇంటికి తెచ్చుకోవాలంటే

భారత్‌కు మామూలు పాత కారు తేవాలంటే నిబంధనలు గట్టివి. మూడేళ్ల లోపు వయసు ఉండాలి, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. వింటేజ్ వాహనాల దిగుమతికి వేరే నిబంధనలు ఉన్నాయి. షిప్పింగ్ కంపెనీకి అడ్వాన్సు ఇచ్చే ముందే కస్టమ్స్ బ్రోకరుతో రాతపూర్వకంగా ఖాయం చేసుకోండి.

రిజిస్ట్రేషన్ విషయానికొస్తే, 2021 జూలైలో కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక అధ్యాయం చేర్చారు. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన కారు ఇందుకు అర్హం. కొత్తగా రిజిస్టర్ చేయించడానికి రుసుము 20,000 రూపాయలు, చెల్లుబాటు పదేళ్లు, తర్వాత రెన్యువల్‌కు 5,000. నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అక్షరాలు ఉంటాయి. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, మరమ్మతు వంటి పనులకే రోడ్డు ఎక్కాలి, రోజూ నడపడానికి వీల్లేదు.

అసలు షరతు ఇంకొకటి ఉంది. కారు తన మొదటి రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. అంటే ఇవాళ దోహాలో ఎల్28 బ్లాకు ఎక్కిస్తే రేపు జగిత్యాలలో వింటేజ్ హోదా పోయే ప్రమాదం ఉంది. మామూలు రిజిస్ట్రేషన్ దారిలోనూ మార్పులు కష్టమే. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో కె. జయచంద్ర కేసులో స్పష్టం చేసింది.

కాగితాల బలం ఎంతటిదో చెప్పడానికి 1990 నాటి ఒక లండన్ తీర్పు చాలు. 1929, 1930ల్లో లె మాన్స్ రేసు గెలిచిన బెంట్లీ ‘ఓల్డ్ నంబర్ వన్’ను దాదాపు కోటి పౌండ్లకు కొంటామని ఒప్పుకున్న సంస్థ, అది అసలు కారు కాదంటూ వెనక్కి తగ్గింది. ఏళ్ల తరబడి మార్పులు జరిగి మొదటి కారు లోహం అందులో పెద్దగా మిగల్లేదన్నది నిజమే. అయినా కారు చరిత్ర ఎక్కడా తెగకుండా వచ్చిందని గుర్తించి జడ్జి అమ్మకందారు పక్షానే తీర్పు ఇచ్చారు. ఏ భాగం ఎప్పుడు, ఎందుకు మారిందో చూపగలిగినవారి మాటే అక్కడ గెలిచింది.

ఇప్పుడు చేయాల్సింది

ఈ వారమే ఒక ఫైలు తెరవండి. కారు ఇప్పుడున్న స్థితిలో ఛాసిస్, ఇంజిన్ నంబర్లు కనబడేలా తేదీతో ఫొటోలు తీయండి. ఇస్తిమారా, ఒప్పందం, బ్యాంకు బదిలీ రసీదు, ప్రతి బిల్లు, గ్యారేజీ రాసిచ్చిన పని వివరం, ట్రాఫిక్ విభాగం అనుమతి, బీమా కంపెనీకి పంపిన సమాచారం అందులో చేర్చండి. 2024 సెప్టెంబరు నుంచి, కట్టాల్సిన ట్రాఫిక్ జరిమానాలు ఉంటే దేశం దాటనివ్వడం లేదు. మెట్రాష్‌లో తరచూ చూసుకుంటూ ఉండండి. కారు అమ్మేస్తే పేరు మారిందని నిర్ధారణ చేసుకున్నాకే నిశ్చింతగా ఉండండి.

వివాదం వస్తే భారత రాయబార కార్యాలయం ఆధ్వర్యంలో పనిచేసే ప్రవాస భారతీయుల సహాయ సంస్థ ఐసీబీఎఫ్‌ను సంప్రదించండి. కేసు దాకా వెళ్తే ఖతార్‌లో లైసెన్సు ఉన్న న్యాయవాదిని కలవండి. అక్కడి కోర్టుల భాష అరబ్బీ కాబట్టి మీ పత్రాలకు గుర్తింపు ఉన్న అనువాదకుడి ముద్ర అవసరం. ఫైలు సిద్ధంగా ఉంటే న్యాయవాది పని సగం తేలికవుతుంది. అదే ఫైలు రేపు కారు అమ్మినా ధర పెంచుతుంది, మీతో ఇంటికి తెచ్చుకున్నా రిజిస్ట్రేషన్‌కు సాక్ష్యమవుతుంది.