మతిక్షీణత గల వృద్ధుల గృహసంరక్షణము – పరికరముల వినియోగము

ఖరగ్‌పూరు పట్టణమున తెలుగువారి నివాసము రైల్వే కర్మాగారముతో ముడివడినది. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలమున శ్రీకాకుళ, విజయనగర, విశాఖ ప్రాంతములనుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు నేటికిని మథురాకటి, నింపురా మొదలగు పేటలందు కలవు. సంతానము ఉద్యోగార్థమై దూరనగరములకు తరలిపోయిన యిండ్లలో డిమెన్షియా యను మతిక్షీణతా వ్యాధి ప్రవేశించినచో, సంరక్షణభారము తరచుగా వృద్ధురాలైన భార్యపైననే పడును. మన దేశమున అరువదేండ్లు నిండినవారిలో నూటికి 7.4 మంది, అనగా సుమారు 88 లక్షలమంది, ఈ వ్యాధికి లోనైయున్నారని 2023లో ప్రకటింపబడిన అంచనా.

ఇట్టి రోగులకొరకు అంగళ్లలో నేడు పలువిధములైన పరికరములు లభించుచున్నవి. అన్నియు కొననక్కరలేదు. ఆ యింటిలో, ఆ రోగికి, ఏ అపాయము పొంచియున్నదో ముందుగా నిర్ణయించుకొనవలెను.

రైల్వే ఉద్యోగి పదవీవిరమణానంతరము క్వార్టరును ఖాళీ చేయవలసియుండును. కాని ముప్పదియేండ్లు కాపురమున్న ఆ క్వార్టరే రోగి మనస్సున ఇల్లుగా నిలిచియుండవచ్చును. సొంత యింటిలో కూర్చుండియే “ఇంటికి పోవలెను” అని ఆయన పట్టుబట్టును. వాదించి లాభము లేదు. రాత్రి డ్యూటీలకు అలవాటుపడినవాడు నడిరేయి లేచి, చొక్కా తొడిగికొని బయలుదేరుటయు కలదు. చుట్టును పట్టాలు గల ఊరిలో ఇది ప్రాణాపాయము.

తలుపు తెరచినంతనే మ్రోగు గంట ఇందుకు మొదటి సాధనము, వెల స్వల్పము. అటుపిమ్మట చేతిగడియారము. ఇది ఉపగ్రహముల సహాయమున స్థానమును గుర్తించి, సిమ్‌కార్డు ద్వారా బంధువుల ఫోనునకు తెలుపును. కట్టడముల లోపల దీని గురి తప్పవచ్చును. చార్జి లేనిచో అది వట్టి అలంకారము. కావున ప్రతిదినము స్నానవేళ చార్జికి పెట్టుట మంచిది. హెచ్చరిక హైదరాబాదునందున్న కుమారునికి మాత్రమే చేరిన, ఆయన చేయగలిగినది స్వల్పము. అదే వీధిలోని పొరుగువారి ఫోనునకు ముందు చేరునట్లు ఏర్పాటు చేయవలెను. పాత క్వార్టరునందు ఇప్పుడున్నవారికిని సంగతి చెప్పియుంచవలెను. రోగి జేబులో పేరు, ఫోను సంఖ్య తెలుగు, వంగ, హిందీ భాషలలో వ్రాసిన చీటీ ఉండవలెను.

భాషను గూర్చి మరియొక మాట. హైదరాబాదు నిజాం వైద్యవిజ్ఞాన సంస్థయందు 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన అధ్యయనమున, ఒకటికి మించిన భాషలు మాటలాడువారికి వ్యాధి సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా పొడసూపినట్లు తేలినది. అయినను వ్యాధి ముదిరినపుడు తరువాత నేర్చిన భాషలు ముందుగా జారిపోవుట తరచుగా కనబడును. జీవితమంతయు వంగము, హిందీ మాటలాడినవానికి తుదకు తెలుగే మిగులవచ్చును. ఇంగ్లీషున పలుకు మందులపెట్టె ఆయనకు గోల మాత్రమే. ఇంటివారి కంఠమును నింపుకొనగల పెట్టె మేలు.

రక్తపోటును ఐదు నిమిషములు కూర్చుండబెట్టిన పిమ్మట, ప్రతిసారి ఒకే వేళ, చూచి పుస్తకమున వ్రాయవలెను. తిండి, నిద్ర, మూత్రము, నెలకొకసారి బరువు గూడ వ్రాయవలెను. రోగి తన నొప్పిని చెప్పలేడు. ఆయన సహజస్థితి యేదో ఆ పుస్తకమే చెప్పును. ఒకటి రెండు దినములలోనే మగతగాని, కలవరముగాని హఠాత్తుగా హెచ్చినచో అది వ్యాధి ముదురుట యని ఊరకుండరాదు. మూత్రకోశమున సూక్ష్మజీవుల సంపర్కము, న్యుమోనియా, నీరు చాలకుండుట, క్రొత్త మందు – ఇందేదైనను కారణము కావచ్చును. వీనిలో పెక్కింటికి చికిత్స కలదు. యంత్రమున అంకెలు బాగున్నను, పుస్తకముతో ఆనాడే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

కెమెరాను స్నానగృహమునందు అమర్చరాదు. మతి తప్పినను మర్యాద తప్పదు. రాత్రి గంటకు లేచువారు వంతులవారీగా నిదురింపవలెను. వృద్ధులకు సంబంధించిన సలహాకు 14567, సంరక్షకుల మనోవ్యథకు టెలి-మానస్ 14416 సంఖ్యలకు ఫోను చేయవచ్చును.