పెసర మొలకకు ఫోను, పక్కన స్కేలు

వేరు కిందికే పోతుందని బోర్డు మీద రాస్తే పిల్లలు బట్టీ పడతారు. అది వంపు తిరగడం కళ్లారా చూస్తే ఎందుకని అడుగుతారు. రాజపాళయంలో సైన్సు చెప్పే మాస్టర్లూ టీచర్లూ ఇందుకు కెమెరా కొననక్కర్లేదు, పాత ఫోనుతో కొన్ని నిమిషాలకొక ఫోటో తీసి, వాటిని వరసగా వీడియోలా ఆడిస్తే చాలు. జర్మన్ వృక్షశాస్త్రవేత్త విల్హెల్మ్ ఫెఫర్ 1900 నాటికే మొక్కల కదలికలను ఇలా ఫిల్ము మీదకి ఎక్కించాడు.

గాజు గ్లాసు నిండా తడి దూది కూరి, దూదికీ గాజుకీ మధ్య రాత్రంతా నానిన పెసలు దూర్చండి. మనది పత్తి మిల్లుల ఊరు కదా అని పత్తి గింజలు పెట్టాలనిపిస్తుంది. కొట్లో అమ్మే రంగు గింజలకు పురుగుమందు పట్టించి ఉంటారు, పిల్లల చేతికి ఇవ్వకండి.

ఫోనును కదలకుండా బిగించి, ఛార్జర్ తగిలించి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయకపోతే వీడియో మిణుకుమిణుకుమంటుంది. రాత్రి కూడా ఫోటోలు పడాలి కనుక బల్బు వెలుగుతూ ఉండాలి. దాన్ని పక్కన పెట్టారో, మొలక అటే వాలుతుంది, వేరు పాఠం వెలుతురు పాఠంలో కలిసిపోతుంది. సరిగ్గా పైన వేలాడదీయండి. స్కేలూ, ముళ్ల గడియారమూ ఫోటోలో పడాలి. అవి లేని వీడియో చూడ్డానికి బాగుంటుంది, కొలవడానికి పనికిరాదు.

శుక్రవారం సాయంత్రం 5కి ఇంట్లోనే మొదలుపెట్టి, 10 నిమిషాలకొక ఫోటో తీస్తే సోమవారం ఉదయం 9కి 384 అవుతాయి. సెకనుకు 24 చొప్పున ఆడిస్తే 16 సెకన్లు. శనివారం రాత్రి వేరు కాస్త సాగాక గ్లాసును పక్కకు పడుకోబెట్టండి, గింజలు ఫోను వైపే ఉండాలి.

క్లాసులో వీడియో అంతా ఒక్కసారే చూపించేయకండి. గ్లాసు పడుకున్న చోట ఆపి, ‘ఇప్పుడు వేరు ఎటు పోతుంది?’ అని అడిగి, ప్రతి ఒక్కరితో నోటుబుక్కులో బొమ్మ గీయించండి. ఆ తర్వాతే మిగతాది చూపించండి. తెర మీది ఒక సెకను నిజానికి 4 గంటలని ముందే చెప్పండి, లేకుంటే చిన్న తరగతుల పిల్లలు మొక్క అంత వేగంగా పెరుగుతుందనుకుంటారు. గ్లాసు తిప్పకముందటి ఫోటోల్లో స్కేలు చూసి వేరు పొడవు కొలిపించి గ్రాఫు గీయిస్తే, లెక్కల పాఠమూ అందులోనే అయిపోతుంది.

ఇక్కడ ఇంట్లో తెలుగు, బడిలో తమిళం మాట్లాడే పిల్లలున్నారు. వీడియోలో మాటలుండవు కనుక, చూసింది ఏ భాషలో నోటికొస్తే ఆ భాషలోనే చెప్పనివ్వండి. పుస్తకంలోని పదాలు ఆ తర్వాత నేర్పొచ్చు.

ఇది కుదిరాక పడమటి కొండల మీద మబ్బులు కమ్మే రోజున, 5 సెకన్లకొక ఫోటో చొప్పున అరగంట తీయండి. ఆవిరి, చల్లబడడం, మబ్బు పాఠానికి 15 సెకన్ల వీడియో వస్తుంది.