నగర రహదారిపై సైకిలు: చట్టం, జాగ్రత్తలు

తెల్లవారకముందే పాలక్యానులు, వార్తాపత్రికల కట్టలు సైకిళ్లపై నగరంలో ప్రవేశిస్తాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో నూటికి సుమారు 45 కుటుంబాలకు సైకిలు ఉన్నది. అయినప్పటికీ సైకిలు తొక్కేవారు రహదారిపై తమకు హక్కు లేనట్లే అంచుకు ఒదిగిపోతుంటారు. పెక్కు ప్రమాదాలకు ఈ సంకోచమే మూలం.

1988 నాటి మోటారు వాహనాల చట్టం దృష్టిలో సైకిలు మోటారు వాహనం కాదు. అందుచేత లైసెన్సు, రిజిస్ట్రేషను, బీమా దానికి అవసరం లేదు. పూర్వం అనేక పురపాలక సంఘాలు సైకిలుపై పన్ను వసూలు చేసి బిళ్ల ఇచ్చేవి. రాత్రివేళ దీపం లేనివారినీ, ఒకే సైకిలుపై ఇద్దరెక్కినవారినీ పోలీసులు ఆపేవారు. ఆ బిళ్లలు మరుగున పడ్డాయి గాని బాధ్యత తొలగిపోలేదు. ఎడమవైపుననే సాగడం, ఎర్రదీపం వద్ద ఆగడం, ఏకముఖ మార్గంలో ఎదురు వెళ్లకపోవడం సైకిలుకూ తప్పనిసరియే.

కొన్ని రహదారులపై సైకిళ్లను నిషేధించే అధికారం పోలీసులకు ఉంది. 2013లో కోల్‌కతా నగరంలో 174 వీధులలో ఇట్టి ఆంక్ష విధించారు. నిరసనల అనంతరం ఆ సంఖ్యను 62కు తగ్గించారు. మోటారు వాహనాల రాకపోకలు సాఫీగా సాగడానికి ఉద్దేశించిన ఈ ఏర్పాటు పాలవారికీ, చిల్లర వర్తకులకూ చుట్టుదారి చూపింది. న్యాయమా కాదా అన్నది వేరే చర్చ; కొత్త ఊరిలో మాత్రం వీధి మొగలోని ఫలకాన్ని చూడటం మంచిది. ఎర్రని వలయంలో సైకిలు బొమ్మ ఉంటే ప్రవేశం లేదు. నీలి వృత్తంలో ఉంటే అది సైకిళ్లకు కేటాయించిన బాట.

ఎదురుగా వచ్చే బండి కంటికి కనబడుతుంది గనుక కుడివైపున వెళ్లడమే క్షేమమని పలువురి నమ్మకం. లెక్క వేరే చెబుతుంది. సైకిలు వేగం గంటకు 15 కిలోమీటర్లు, మోటారు బండి వేగం 40 అనుకుందాం. వెనుకనుండి వచ్చే బండి 25 కిలోమీటర్ల వేగంతో సమీపిస్తుంది. ఎదురుగా వచ్చేది 55 కిలోమీటర్ల వేగంతో మీదికి వస్తుంది. పైగా పక్కవీధి నుండి ఎడమకు మళ్లే డ్రైవరు తన కుడివైపుకే చూస్తాడు. ఎడమనుండి వచ్చే సైకిలు అతని దృష్టిలో పడదు.

ఎడమవైపు అంటే మురుగుకాలువ అంచు అని అర్థం కాదు. అక్కడ ఇసుక, గుంతలు, కాలువ ఊచలు ఉంటాయి. వాటిని తప్పించుకోవడానికి హఠాత్తుగా కుడికి జరగవలసి వస్తుంది. అంచుకు కొంత ఎడంగా, తిన్నగా సాగేవారి గమనాన్ని వెనుకవారు ముందే ఊహించగలరు. నిలిపి ఉన్న కారు పక్కనుండి వెళ్లేటప్పుడు దాని తలుపు ఎంతమేర తెరుచుకుంటుందో అంత దూరం విడిచిపెట్టాలి.

కూడలిలో ఆగిన బస్సుకు ఎడమపక్కన దూరడం మిక్కిలి ప్రమాదకరం. బస్సు ఎడమకు మళ్లినప్పుడు వెనుకచక్రాలు ముందుచక్రాల జాడను విడిచి లోపలికి కోసుకుని వస్తాయి. డ్రైవరుకు ఆ మూల సరిగా కనబడదు. బస్సు వెనుకనే ఆగడం ఉత్తమం. కుడికి తిరగదలచినవారు వెనుదిరిగి చూసి, కుడిచేయి చాచి, ఆపై మళ్లాలి. రద్దీ అధికమైతే సైకిలు దిగి, పాదచారుల దారిలో నడిపించుకుపోవచ్చు. అందులో చిన్నతనమేమీ లేదు.

పాత డైనమో దీపానికి ఒక లోపం ఉండేది. సైకిలు ఆగితే దీపమూ ఆరిపోయేది. కూడలిలో నిలబడినప్పుడే వెలుతురు మరింత అవసరం. బ్యాటరీ దీపాలతో ఆ ఇబ్బంది తీరింది. ముందు తెల్లని, వెనుక ఎర్రని ప్రతిఫలకాలు, పెడళ్లకు పసుపుపచ్చనివి ఉండాలి. వీటి నాణ్యతకై కేంద్ర ప్రభుత్వం 2020లో ప్రత్యేక ఉత్తర్వు జారీ చేసింది. వాటిపై పేరుకున్న బురదను తుడవకపోతే ప్రయోజనం ఉండదు.

వర్షాకాలంలో తడిసిన చక్రపు అంచును బ్రేకు రబ్బరు వెంటనే పట్టుకోదు. కూడలి ఇంకా దూరంగా ఉండగానే రెండు బ్రేకులనూ మెల్లగా నొక్కి, అంచుపై నీటిని తుడిచివేసి, అటుపిమ్మట గట్టిగా నొక్కాలి.